పుస్తకంలో లేని కొలత

ఊరంతా పండగ చేసుకునే రోజున ఆ ఇంట్లో ఏనాడూ పండగ జరగలేదు. కింద టైలరు షాపు, పైన రెండు గదులు, మధ్యలో అడుగు పెడితే కిర్రుమనే చెక్కమెట్లు. పండగ పొద్దున కూడా షట్టరు సగం ఎత్తి ఉండేది. "మాస్టారూ, ఒక్క గుండీ", "అమ్మా, జిప్పు పట్టేసింది", "కాస్త పొడుగు తగ్గించి ఇవ్వండి, ఇక్కడే నిలబడతాను" అంటూ జనం వస్తూనే ఉండేవారు. ఊరివాళ్ళ ఒంటిమీదికి కొత్తబట్టలు ఎక్కించి పంపేసరికి మధ్యాహ్నం దాటిపోయేది. ఆ తర్వాత ఇంటిల్లిపాదీ ఎక్కడివాళ్ళు అక్కడే ఒళ్ళు తెలియని నిద్ర పోయేవారు. అందుకని వాళ్ళ పండగ మర్నాడు. వీధివీధంతా అంట్లు తోముకుంటుంటే వీళ్ళు కేకు కోసుకునేవారు.

ఇంకో చిక్కు కూడా ఉంది. నలుగురైదుగురు చుట్టూ కూర్చుని తినగలిగిన బల్ల ఆ ఇంట్లో ఒకటే. అది షాపులో గుడ్డలు కత్తిరించే బల్ల. దాన్ని ఖాళీ చేసి, సుద్దగీతలు తుడిచి, తెల్లదుప్పటి పరిచాకే పళ్ళేలు పెట్టేవారు. బల్లమీద ఒక్కరి ఆర్డరు మిగిలి ఉన్నా ఆవిడ దుప్పటి పరవనిచ్చేది కాదు. ఆవిడంటే మాస్టారి భార్య. వీధిలో అందరూ ఆవిడని టైలరమ్మ అంటారు. మాస్టారు కత్తిరిస్తారు, టైలరమ్మ కుడుతుంది. ఇరవై ఆరేళ్ళుగా ఆయన బల్ల దగ్గర నిలబడి, ఆవిడ మిషను దగ్గర వంగి, ఇద్దరూ ఎదురుబొదురుగా బతికారు.

ఈ ఏడాది మాత్రం పండగని పండగరోజునే చెయ్యాల్సి వచ్చింది. పెద్దమ్మాయి వేరే ఊళ్ళో ఆసుపత్రిలో నర్సు. ఆమెకి సెలవు దొరికింది సరిగ్గా ఆ ఒక్కరోజే. పొద్దున బస్సు దిగి, సాయంత్రం ఆరింటి బస్సు ఎక్కెయ్యాలి. ఆ సంగతి చెప్పడానికి మూడు వారాల ముందు ఫోన్ చేసి, తల్లితో అన్నీ మాట్లాడాక, ఫోన్ తండ్రికిమ్మంది.

"నాన్నా, అమ్మకి ఈసారి కొత్త గౌను కొంటాను. ఇక్కడ షాపులో మంచివి ఉన్నాయి. అమ్మ కొలతలు చెప్పు."

మాస్టారు ఫోన్ పట్టుకుని మెట్లెక్కి పైకి వెళ్ళిపోయారు, ఆవిడకి వినబడకుండా.

"రెడీమేడా? టైలరింటికి రెడీమేడు గౌను తెస్తావా? నలుగురికీ తెలిస్తే నవ్విపోతారు."

"సరే, అయితే నువ్వే కుట్టించు. ఎప్పుడూ అమ్మ మిగిలిన ముక్కలతో కుట్టుకున్నవే వేసుకుంటుంది. పోయినేడు గౌనుకి చేతులు పోస్టుమాస్టరుగారి కర్టెన్లవి, కాలరు ఆ బ్యాండు మాస్టారి ప్యాంటుది. నేను గుర్తుపట్టాను."

"నేనూ పట్టాను," అన్నారు మాస్టారు కాస్త తగ్గి.

"సరే, కొలతలున్నాయా మరి?"

ఉండాలి కదా! షాపులో పదకొండు కొలతల పుస్తకాలున్నాయి. ఊళ్ళో సగంమంది నడుములు, మెడలు, చేతులు వాటిలో ఉన్నాయి. ఎవరికి ఒక కాలు పొట్టో, ఎవరికి పొట్ట పెరిగిందో, ఎవరు పెళ్ళి కుదిరాక ఒళ్ళు చేశారో అన్నీ మాస్టారి చేతిరాతలో ఉన్నాయి. టైలరమ్మ పేజీ మాత్రం లేదు. ఎవరు తీస్తారు? ఎప్పుడు తీస్తారు? ఆవిడ తన పాత గౌను ముక్కల మీద పరుచుకుని అందాజుగా కత్తిరించుకునేది, అదీ ఆయన టీకి వెళ్ళినప్పుడు.

"కొలతలెందుకు?" అన్నారు మాస్టారు. "నాకు చూపు చాలు. మనిషి గుమ్మంలోకి రాగానే నడుమెంతో చెప్పేస్తాను. ముప్పై ఏళ్ళ సర్వీసు. నీకు తెలుసుగా."

"అమ్మని నువ్వు చూసి ఎన్నాళ్ళయింది నాన్నా?" అంది.

ఎత్తిపొడుపుగా అనలేదు. మామూలుగానే అంది. అదే ఆయనకి ఎక్కువ గుచ్చుకుంది. "పండగనాడు మీ అమ్మ కొత్త గౌనులో, ఒంటికి అతికినట్టుండే గౌనులో బల్ల దగ్గర కూర్చుంటుంది. కూర్చోకపోతే అప్పుడడుగు," అని ఫోన్ పెట్టేశారు. ఆ రోజంతా ఎవరు పలకరించినా పుల్లవిరిచినట్టు మాట్లాడారు.

చిన్నమ్మాయికి పదిహేడేళ్ళు. నోరు మంచిదే గానీ ఊరుకోదు. ఆమెకి మాత్రం రహస్యం చెప్పారు, గుడ్డ కొనడానికి తోడు కావాలి కనక. ఇద్దరూ వెళ్ళి నేరేడుపండు రంగు గుడ్డ తెచ్చారు. చెయ్యి వేస్తే జారిపోయేంత మెత్తగా ఉంది.

"టేపు పెట్టి కొలువు నాన్నా. నిద్రపోతున్నప్పుడైనా కొలువు," అంది చిన్నమ్మాయి.

"మీ అమ్మ నిద్రలో కూడా మేలుకునే ఉంటుంది. టేపు అక్కర్లేదన్నానా?"

టైలరమ్మ గుండీలు, దారాలు కొనడానికి బజారుకి వెళ్ళిన పూట ఆయన బల్ల తుడిచి, గుడ్డ పరిచి, సుద్ద పట్టుకున్నారు. కళ్ళు మూసుకుంటే ఆవిడ ఎదురుగా నిలబడ్డట్టే ఉంది. నడుము ఇంత, భుజం ఇంత, చంక దగ్గర ఇంత. చెయ్యి ఎక్కడా ఆగలేదు. ఆయన కత్తెర పట్టుకుంటే మామూలుగా ఓ అలవాటుంది. పిల్లల బట్టలకి పక్కకుట్ల లోపల రెండంగుళాల గుడ్డ వదులుతారు, ఎదిగే ఒళ్ళు కదా, విప్పి వదులు చేసుకోవచ్చని. పెద్దవాళ్ళకి అర అంగుళం. భార్య గౌనుకి అదీ వదల్లేదు. తన చూపు మీద తనకంత ధీమా. కత్తిరించిన ముక్కలు మడతపెట్టి, మిగిలిన గుడ్డ వేరే చుట్టి పైన అరలో పడేశారు.

ఇక్కడే వచ్చింది అసలు తంటా. ఆయన గొప్ప కటింగు మాస్టరే, కానీ ఇరవై ఆరేళ్ళుగా మిషను ఎక్కలేదు. కుట్టేది ఆవిడ. ఆవిడ గౌను ఆవిడతో కుట్టించలేరు కదా! అందుకని పండగ ముందురోజు పొద్దున ముక్కలమూటకి 'అర్జెంటు' అని చీటీ గుచ్చి, వీధి చివర ఉండే గడ్డం టైలరు దగ్గరికి పట్టుకెళ్ళారు. గడ్డం టైలరు తలెత్తలేదు.

"మాస్టారూ, నా పని తెమిలేసరికే నా తల ప్రాణం తోకకొచ్చేట్టుంది. మీ ఇంట్లోనే అంత మంచి చెయ్యి పెట్టుకుని నా దగ్గరకొస్తారేంటండీ?"

మాస్టారు మూట చంకన పెట్టుకుని వెనక్కొచ్చారు. షాపులో అడుగుపెట్టీపెట్టగానే బ్యాండు మాస్టారు పట్టుకున్నాడు. రేపు ఊరేగింపులో వాయించాలిట, కొత్త ప్యాంటు వేసుకుని ఊపిరి పీల్చుకుంటే గుండీ ఎగిరిపోతోందిట. ఆయన్ని ఎదురుగా నిలబెట్టి, ఊపిరి పీల్పించి, వదిలించి, మళ్ళీ పీల్పించి నడుము సరిచేసేసరికి అరగంట పట్టింది. ఈలోగా మూట ఎక్కడ పెట్టారో మర్చిపోయారు.

వెనక్కి తిరిగి చూస్తే టైలరమ్మ మిషను మీద నేరేడుపండు రంగు గుడ్డ పరుగెడుతోంది. ఒక చెయ్యి అప్పటికే అతికేసింది కూడా.

"అదెందుకు తీశావ్?" అన్నారు.

"అర్జెంటని మీరే రాశారుగా. చీటీమీద పేరు రాయరేంటండీ? ఎవరిది?"

"ఒకావిడది."

"ఎవరావిడ?"

"కొత్త కస్టమరు."

మెట్లమీద కూర్చుని కేకుకి గుడ్లు గిలకొడుతున్న అత్తగారు, అంటే టైలరమ్మ తల్లి, గిన్నె ఆపి అల్లుడివైపు చూసింది. ఆవిడకి డెబ్బై దాటాయి, చెవులు మాత్రం ఇప్పుడిప్పుడే పదునెక్కుతున్నాయి. "కొత్త కస్టమరట!" అంది గిన్నెతో చెబుతున్నట్టు. చిన్నమ్మాయి పక్కకి తిరిగి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

నిజం చెప్పేస్తే అయిపోయేది. కానీ మూడు వారాలుగా దాచిన రహస్యం ఇలా షట్టరు పక్కన, బ్యాండు మాస్టారి ప్యాంటు పక్కన బయటపెట్టాలంటే ఆయనకి మనసొప్పలేదు. పైగా ఓ ఆలోచన మెరిసింది. కుట్టనీ. ఎవరికన్నా ఈవిడే బాగా కుడుతుంది. రేపు పొద్దున 'ఇది నీదే' అంటే మొహం ఎలా వెలిగిపోతుందో! అలా అనుకుని కుక్కిన పేనులా ఊరుకున్నారు.

టైలరమ్మ ఆ గౌనుని ఎంతో ఇష్టంగా కుట్టింది. నడుం దగ్గర రెండుసార్లు విప్పి కుట్టింది. మెడ చుట్టూ కుట్టు బయటికి కనబడకుండా చేత్తో హెమ్మింగు చేసింది. చేస్తూ చేస్తూ అంది:

"ఈ పిల్లెవరో గానీ తీగలా ఉందండీ. నడుము చూడండి. ఇంకా పెళ్ళికాని పిల్లే అయ్యుంటుంది. అదృష్టవంతురాలు, గుడ్డ ఎంత బాగుందో!"

తన సంగతి తనకే తెలియదు పిచ్చిదానికి, అనుకుని మాస్టారు మీసాల చాటున నవ్వుకున్నారు.

పండగరోజు ఎనిమిదింటికల్లా పెద్దమ్మాయి దిగింది. డ్యూటీ నుంచి సరాసరి వచ్చేసిందేమో, కళ్ళ కింద నలుపు. అయినా సంచీ పక్కన పడేసి, అమ్మమ్మ బుగ్గ గిల్లి, చేతులు పైకి మడిచి పనిలో పడిపోయింది. పైన వంటింట్లో పెద్ద గిన్నెలో మాంసం కూర ఉడుకుతోంది. కేకు మధ్యలో కాస్త కుంగితే అమ్మమ్మ ఆ కుంగినచోటే పండ్లముక్కలు పేర్చి, ఏమీ ఎరగనట్టు కూర్చుంది. కింద చిన్నమ్మాయి అయస్కాంతానికి తాడు కట్టి నేలంతా ఈడుస్తోంది. ఏటా ఆ పని ఆమెదే. నేలమీద రాలిన గుండుసూదులన్నీ ఏరకపోతే పండగపూట ఎవరో ఒకరి కాలికి దిగుతుంది. ఈ ఏడు నూటఇరవైదాకా దొరికాయని గోల గోలగా చెప్పింది. మాస్టారు కుర్చీ ఎక్కి రంగు కాగితాల గొలుసులు కడుతూ, దిగుతూ, వంకరగా ఉందని అందరూ అంటే మళ్ళీ ఎక్కుతూ ఉన్నారు. ఆరింటి బస్సు సంగతి అందరి మనసులోనూ ఉంది, ఎవరూ పైకి అనలేదు.

పదకొండింటికల్లా ఆర్డర్లన్నీ వెళ్ళిపోయాయి. ఆ ఇంటి చరిత్రలోనే ఇది మొదటిసారి. ఒక్క గౌను మాత్రం హ్యాంగరుకి వేలాడుతూ ఉండిపోయింది.

"ఇంక దుప్పటి పరిచేద్దామా అమ్మా?" అంది పెద్దమ్మాయి.

"ఆగవే, ఆ పిల్ల వస్తుంది," అంది టైలరమ్మ. "అర్జెంటని రాయించుకుంది. పాపం పండగపూట కొత్తబట్టలకోసం ఎదురుచూస్తూ ఉంటుంది. ఇచ్చేశాక తిందాం."

పన్నెండయింది. టైలరమ్మ షట్టరు కిందనుంచి వంగి రెండుసార్లు వీధిలోకి చూసొచ్చింది. పన్నెండున్నరయింది. కూర రెండోసారి వెచ్చబెట్టారు.

"ఎక్కడుంటుందో చెప్పండి, నేనే వెళ్ళి ఇచ్చేసి వస్తాను," అంటూ టైలరమ్మ గౌను మడతపెట్టి సంచీలో పెట్టుకోబోయింది. చెప్పులు కూడా వేసుకుంది.

"నువ్వెక్కడికీ వెళ్ళక్కర్లేదు," అన్నారు మాస్టారు. కుర్చీమీదనుంచి దిగి, చేతులు తుడుచుకున్నారు. "అది నీదే."

"నాదేంటి?"

"గౌను. నీకోసమే కత్తిరించాను. గడ్డం టైలరు కుట్టనన్నాడు. నువ్వు కుట్టేశావు."

టైలరమ్మ గౌనువంక చూసింది, ఆయనవంక చూసింది. పిల్లలిద్దరూ చప్పట్లు కొట్టారు. ఆవిడ మొహం నిజంగానే వెలిగింది. మాస్టారు మూడు వారాలుగా ఎదురుచూసిన వెలుగు అదే. "నా గౌను నాచేతే కుట్టించారా! అందులోనూ అర్జెంటు చీటీ పెట్టి!" అంటూ నవ్వుతూ, చెప్పులు విప్పేసి, ఆ గౌను పట్టుకుని తెర వెనక్కి వెళ్ళింది.

అలా వెళ్ళినావిడ చాలాసేపటికీ బయటికి రాలేదు.

"అమ్మా, ఏమైంది?" అని పెద్దమ్మాయి తెర పక్కకి జరిపి లోపలికి వెళ్ళింది. కాసేపటికి తల్లిని చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చింది. గౌను చేతులు మోచేతి దగ్గర పట్టేశాయి. వెనక జిప్పు సగందాకా వచ్చి ఆగిపోయింది, ఆ రెండు అంచుల మధ్య నాలుగు వేళ్ళ దూరం ఉంది. టైలరమ్మ నవ్వుతూనే ఉంది గానీ ఆ నవ్వు చూడ్డానికి బాగాలేదు.

"అల్లుడుగారూ, ఇది నా కూతురికి కుట్టారా, మనవరాలికి కుట్టారా?" అంది అత్తగారు. అనేశాక కూతురి మొహం చూసి నోరు మూసుకుంది.

"ఈ కొలత నాకు తెలుసు," అంది టైలరమ్మ నెమ్మదిగా. "నిన్న కుడుతున్నప్పుడే ఎక్కడో చూసినట్టు అనిపించింది. మీరు పనిచేసే షాపుకి మొదటిసారి గౌను కుట్టించుకోడానికి వచ్చానే, అప్పటి కొలత. మా అమ్మ పక్కన నిలబడింది. మీరు టేపు పట్టుకుని రెండుసార్లు తప్పు చదివారు. ఇది ఆ పిల్లది. నాది కాదు."

మాస్టారు గౌను నడుముకేసి చూశారు. నిజమే. చూపుతో కొలిచాననుకున్నారు. చూసింది లేదు. కళ్ళు మూసుకుంటే కనబడింది ఆ పిల్లే.

"అది కాదే..." అన్నారు.

"ఎదురుగానే కూర్చున్నానండీ," అంది ఆవిడ. "ఇరవై ఆరేళ్ళు. వచ్చేపోయే ప్రతివాళ్ళనీ ఎగాదిగా చూస్తారు. ఒళ్ళు చేశావేం, తగ్గావేం అని అడుగుతారు. నన్ను ఒక్కసారి చూస్తే సరిపోయేది." ఆవిడ ఏడిస్తే చూసినవాళ్ళు లేరు ఆ ఇంట్లో. ఇప్పుడూ ఏడవలేదు. గౌను పాడవుతుందని జాగ్రత్తగా విప్పుకోడానికి మళ్ళీ తెరవైపు తిరిగింది.

ఆయనకి సిగ్గేసింది. ఆ గౌను అరలో పడేసి, కూర వడ్డించి, ఏదో జోకు చెప్పి పూట గడిపెయ్యొచ్చు. పెద్దమ్మాయి సాయంత్రం బస్సెక్కి వెళ్ళిపోతుంది. ఆ తర్వాత టైలరమ్మ ఈ మాట జన్మలో ఎత్తదు. ఎత్తదు కాబట్టే ఆయనకి భయమేసింది.

"గౌను మార్చుకుని వచ్చి ఇక్కడ నిలబడు," అన్నారు. మెళ్ళోంచి టేపు తీశారు. "చిన్నమ్మాయ్, పుస్తకం తియ్యి. కొత్త పేజీ."

"ఇప్పుడెందుకండీ, అన్నం చల్లారిపోతోంది."

"చల్లారనీ. నిలబడు."

ఆవిడ పాత గౌనులో వచ్చి బల్ల పక్కన నిలబడింది. ఎక్కడ చూడాలో తెలియక కాగితం గొలుసులకేసి చూసింది. మాస్టారు జేబులోంచి కళ్ళద్దాలు తీసి పెట్టుకున్నారు. ఆ అద్దాలు ఉన్నట్టు వీధిలో ఎవరికీ తెలియదు.

మెడ కొలిచారు. ఛాతీ కొలిచారు. నడుము దగ్గర ఆవిడ ఊపిరి బిగబట్టింది. "వదులు," అన్నారు. వదిలింది. అంకె చెప్పారు. చిన్నమ్మాయి రాసుకుంది. చెయ్యి పొడుగు, మణికట్టు, వీపు. ఎవరో తెలియని మనిషి మొదటిసారి షాపుకొస్తే ఎంత శ్రద్ధగా కొలుస్తారో అంత శ్రద్ధగా కొలిచారు. వెనక్కి వెళ్ళి, ఈ భుజంనుంచి ఆ భుజానికి టేపు అడ్డంగా పెట్టి ఆగిపోయారు.

మళ్ళీ పెట్టి చూశారు. టేపు వంకరగా పట్టానేమో అనుకున్నారు. టేపు సరిగ్గానే ఉంది.

"కుడి భుజం," అన్నారు. "కుడి భుజం ముప్పావు అంగుళం కిందికి."

చిన్నమ్మాయి రాయడం ఆపి తలెత్తింది. టైలరింగు ఇంట్లో పుట్టిన పిల్ల, దాని అర్థమేమిటో ఎవరూ చెప్పక్కర్లేదు. మిషను చక్రం కుడిచేతివైపు ఉంటుంది. పొద్దుటినుంచి సాయంత్రందాకా ఆ చెయ్యి కిందికి చాపి, ఆ పక్కకే ఒరిగి కుట్టాలి. పెద్దమ్మాయి వచ్చి తల్లి కుడి భుజం మీద చెయ్యి వేసి, వేళ్ళతో నొక్కి చూసింది.

"నొప్పి ఉంటుందా అమ్మా?"

"చలికాలంలో కాస్త."

"ఎప్పటినుంచీ?"

"గుర్తులేదే."

మాస్టారు ఊళ్ళో ఎవరెవరి భుజాలు ఎటు వంగాయో నిద్రలో లేపి అడిగినా చెప్పగలరు. పోస్టుమ్యానుకి ఎడమది, సంచీ మోసి మోసి. బ్యాండు మాస్టారికి కుడిది. ఇది మాత్రం ఆయనకి ఇవాళే తెలిసింది. ఏడుపొచ్చింది. ముక్కు ఎగబీల్చి, అరలోంచి మిగిలిన గుడ్డ చుట్ట కిందికి లాగారు.

"బస్సుకి ఇంకా ఐదు గంటలుంది. కుట్లన్నీ విప్పేద్దాం," అన్నారు.

టైలరమ్మ అలవాటుకొద్దీ మిషను స్టూలు మీద కూర్చోబోయింది.

"నువ్వు కాదు!" అని ముగ్గురూ ఒక్కసారే అరిచారు.

ఆవిడని కుర్చీలో కూర్చోబెట్టారు. పక్కనే కాపలాకి అమ్మమ్మని కూర్చోబెట్టారు. చేతుల్లో పనిలేకుండా ఎలా కూర్చోవాలో ఆవిడకి తెలియలేదు. కాసేపు ఒళ్ళో పెట్టుకుంది, కాసేపు చంకల్లో పెట్టుకుంది. మాస్టారు పక్కలకీ చేతులకీ కొత్త ముక్కలు కత్తిరించారు, ఈసారి కళ్ళు తెరుచుకుని, గీతగీతకీ ఆవిడవంక చూస్తూ. పెద్దమ్మాయి పాత కుట్లు విప్పింది.

"ఎంత గట్టిగా కుట్టావే తల్లీ, ఊడిరావడంలేదు," అంది.

"కస్టమరు గౌను అనుకున్నానుగా మరి," అంది టైలరమ్మ.

చిన్నమ్మాయి మిషనెక్కింది. రెండు నిమిషాలు కాగానే టైలరమ్మ కుర్చీలోంచే, "పైదారం బిగుసుకుంది, కాస్త వదులు చెయ్యి," అంది. చప్పుడు వినే చెప్పింది. ఇంకాసేపటికి, "బాబిన్ లో కిందిదారం అయిపోవస్తోంది." నిజంగానే అయిపోయింది. "మీ అమ్మని పైకి తీసుకుపోండర్రా, ఇక్కడుంటే మనల్ని బతకనివ్వదు," అన్నారు మాస్టారు. ఆవిడ కదల్లేదు. మెడ చుట్టూ చేతికుట్టు పెద్దమ్మాయి వేసింది. "ఆసుపత్రిలో కట్టు కట్టినట్టు కట్టకే," అని అమ్మమ్మ హెచ్చరించింది. "నువ్వు కదలకుండా ఉంటే నీక్కూడా ఒకటి వేస్తాను అమ్మమ్మా, నోటికి," అంది పెద్దమ్మాయి. టైలరమ్మ అప్పుడు నవ్వింది, చూడ్డానికి బాగుండే నవ్వు. ఆకలి తట్టుకోలేక అందరూ తలో రొట్టెముక్కా చేత్తో పట్టుకుని తింటూనే పనిచేశారు. ఒక్క మరక కూడా పడలేదు.

మూడున్నరకి టైలరమ్మ తెర వెనకనుంచి బయటికి వచ్చింది.

గౌను ఎక్కడా పట్టలేదు, ఎక్కడా జారలేదు. పక్కల వేసిన ముక్కలు కావాలని వేసిన సోకులా ఉన్నాయి. ఆవిడ పెద్ద అద్దం ముందు నిలబడి అటూ ఇటూ తిరిగింది. భుజాలు రెండూ సమంగా ఉన్నాయి. ఆవిడ ఓసారి ఆగి, ఎడమచేత్తో కుడి భుజం తడిమి చూసుకుంది. గుడ్డకీ లైనింగుకీ మధ్యన పలచని మెత్త ఒకటి తగిలింది. ఒకవైపే ఉంది.

"ఇది ఎప్పుడు పెట్టారు?"

"నువ్వు బాబిన్ గురించి అరుస్తున్నప్పుడు."

ఆవిడ అద్దంలోంచే ఆయనవంక చూసింది. ఆయన ఇంకా కళ్ళద్దాలు తియ్యలేదు. కింది కుట్టు సరిగ్గా వచ్చిందో లేదో చూడ్డానికి ఆవిడ కాళ్ళ దగ్గర నేలమీద కూర్చుని ఉన్నారు, నోట్లో రెండు గుండుసూదులు పట్టుకుని.

బల్లమీద తెల్లదుప్పటి పరిచారు. పెద్దమ్మాయి కూర తెచ్చింది, మూడోసారి వెచ్చబెట్టి. అమ్మమ్మ కుంగిన కేకుని గర్వంగా మధ్యలో పెట్టింది. కాగితం గొలుసు ఒక పక్క ఊడి వేలాడుతోంది. కట్టడానికి ఎవరికీ ఓపిక లేదు. వీధిలో ఊరేగింపు ఎప్పుడో అయిపోయింది. టైలరమ్మ జాగ్రత్తగా, కొత్తబట్టలు కట్టుకున్న చిన్నపిల్లలా గౌను సర్దుకుంటూ కూర్చుంది. మాస్టారు ఎప్పుడూ బల్ల ఆ చివర కూర్చునేవారు. ఇవాళ వచ్చి ఎదురుగా కూర్చున్నారు.

రెండోసారి కూర వెయ్యబోతే ఆవిడ పళ్ళేనికి చెయ్యి అడ్డం పెట్టింది.

"వద్దండీ. ఇప్పటికే లావయ్యాను. ఇంకా లావైతే ఈ గౌనూ పట్టదు."

"అవ్వు," అన్నారు మాస్టారు, చెయ్యి పక్కకి తప్పించి కూర వడ్డిస్తూ. "లోపల రెండంగుళాలు గుడ్డ వదిలాను."

టైలరమ్మ తలవంచుకుని అన్నం కలుపుకుంది. ఆ ముద్ద నోట్లో పెట్టుకోడానికి మాత్రం చాలాసేపు పట్టింది.